నాలుగో మొన

ఆర్డిస్ కంకెల్‌కు మనుషుల మొహంలోకి చూసి మాట్లాడటం చిన్నప్పటి నుంచీ చేతకాదు. కొండలకేసి చూడమంటే మాత్రం పొద్దు పొడిచింది మొదలు పొద్దుగుంకే దాకా విసుగు లేకుండా చూస్తుంది. వయోమింగ్‌లో డ్రై ఫోర్క్ ఊరికి పైన ఎర్రమట్టి గట్టు ఒకటి ఉంది. దాని అంచున బోర్లా పడుకుని, ఎదుటి వాలును పైనుంచి కిందికి, ఎడమ నుంచి కుడికి, చేటలో రాళ్లు ఏరినట్టు వెతకడం వాళ్ల నాన్న ఆర్వల్ నేర్పాడు. జింక జింకలా కనబడదని ఆయన అనేవాడు. ముందు ఒక చెవి కనబడుతుంది. లేదా పొద నీడలో అడ్డంగా ఒక గీత కనబడుతుంది. పొదలన్నీ పైకి పెరిగేవే కాబట్టి అడ్డగీత కనబడిందంటే అది వీపు అయ్యుండాలి.

వాళ్లింట్లో వేట ఇద్దరి పని. ఒకరు చూసేవారు, ఒకరు పేల్చేవారు. చూసేవాడు గట్టు మీద బైనాక్యులర్ పట్టుకుని కూర్చుంటాడు. పేల్చే మనిషి వాగు పల్లంలోంచి పాకుతూ జింకకు దగ్గరగా వెళుతుంది. అంత దూరం నుంచి అరవకూడదు కనుక చూసేవాడు చెయ్యెత్తి వేళ్లు చూపిస్తాడు. ఒక పక్క కొమ్ముకు ఎన్ని మొనలుంటే అన్ని వేళ్లు. ఆ లోయలో మగజింకకు ఒక పక్కనైనా నాలుగు మొనలుంటేనే కొట్టాలి, మూడు ఉన్నదాన్ని కొడితే నేరం. కింద వంగి పాకుతున్న మనిషికి గడ్డీ రాళ్లూ తప్ప ఏమీ కనబడవు. అందుకని పైనున్నవాడి వేళ్లే ఆమెకు కళ్లు. ఆ వేళ్లను మళ్లీ ప్రశ్నించకూడదు.

ఆర్వల్ వేళ్లెత్తడానికి చాలాసేపు పట్టేది. జింక తల తిప్పేదాకా ఆగేవాడు. తల తిరిగితే కొమ్ము తిరుగుతుంది, దాని వెనకాల ఉన్న ఎండుపుల్ల తిరగదు, అదొక్కటే తేడా అనేవాడు. ఆయన చూసి, ఆర్డిస్ పేల్చి, తప్పుజింక పడిన రోజు ఒక్కటీ లేదు. ఆడవాళ్ల వేట గురించి మంచిమాట అనని మగవాళ్లు కూడా ఆ పిల్ల గురించి, ఆర్వల్ కూతురా, దాని చెయ్యి నమ్మొచ్చు అనేవారు. ఆమె గురించి ఊరు అనే మంచిమాట అదొక్కటే. ఆమె దాన్ని ఎప్పుడూ పైకి అనలేదు గాని, రాత్రీపగలూ లోపల పెట్టుకు తిరిగేది.

ఆర్డిస్ పదో తరగతిలో ఉండగా, ఆర్వల్ పనిచేసే గనిలో పైకప్పు రాయి విరిగి ఆయన నడుము మీద పడింది. తల్లి అంతకు ముందే పోయింది. ఆర్డిస్ ఒక నెల బడి మానేసి తండ్రికి మంచం దగ్గర పనులు చేసింది. నెల కాస్తా చలికాలమయింది. టీచరమ్మ ఒకసారి వచ్చి, కాఫీ తాగి, నువ్వు తెలివైనదానివి అని చెప్పి వెళ్లిపోయింది. ఆ తర్వాత ఎవరూ రాలేదు. ఆర్డిస్ ముసలివాళ్ల ఆశ్రమంలో బట్టలుతికే గదిలో పనికి చేరింది. ఆవిరి పొగల మధ్య దుప్పట్లు మడతపెట్టే పని ఆమెకు నచ్చింది. అక్కడ ఎవరూ మాట్లాడించరు.

డ్వెయిన్‌ను పెళ్లి చేసుకున్నది కూడా దాదాపు అలాంటి కారణానికే. అతను కౌంటీ రోడ్ల పనిలో మంచు తోసే బండి నడుపుతాడు. ఇద్దరి వంతు మాటలూ అతనే మాట్లాడేవాడు. ఎక్కడికి వెళ్లినా ఆర్డిస్ పక్కన నిలబడితే చాలు, ఆమె తరఫున నవ్వేదీ, జోకులేసేదీ, క్షమాపణ చెప్పేదీ కూడా అతనే. చెడ్డవాడు కాదు. ఆమె మీద చెయ్యెత్తి ఎరగడు. అడగకుండానే ముసలి విధవల వాకిళ్లలో మంచు ఎత్తిపోస్తాడు. నలుగురిలో చిన్నబోవడం మాత్రం అతని వల్ల కాదు.

ఆర్వల్ చనిపోయిన ఏడాదే ఆయన బైనాక్యులర్ పికప్పు బండి బానెట్ మీది నుంచి జారి రాళ్ల మీద పడింది. పగల్లేదు గాని లోపలి అద్దాలు పక్కకు జరిగాయి. అందులోంచి చూస్తే ఒక్క జింక రెండుగా కనబడి తల నొప్పెట్టేది. ఆర్డిస్ ఒక కన్ను మూసుకుని సగం బైనాక్యులర్‌తో రెండు వేట సీజన్లు నెట్టుకొచ్చింది. చూసేవాడి చోట్లో ఇప్పుడు డ్వెయిన్ కూర్చునేవాడు. ఆ రెండేళ్లూ జింకలు దగ్గర్లోనే దొరికాయి కాబట్టి గడిచిపోయింది.

ఊళ్లో వెల్డా అనే ఆవిడ కొట్లో మేకులు, పశువులు నాకే ఉప్పుదిమ్మలు, తూటాలతో పాటు ఒక అద్దాల బీరువాలో పాత బైనాక్యులర్లు కూడా ఉంటాయి. ఆ వేసవిలో ఆర్డిస్ పని నుంచి ఇంటికి పోతూ రోజూ ఆ బీరువా ముందు ఆగేది. అడిగేది కాదు. వారం రోజులు చూసి చూసి వెల్డాయే కౌంటరు వెనక నుంచి లేచి వచ్చింది. డెబ్బయ్యేళ్ల మనిషి, నోటిలో ఎప్పుడూ ఒక అగ్గిపుల్ల.

"నీ దగ్గర ఎంతుందో నాకు చెప్పకు, నేనూ అడగను. ఏం చూడాలో చెప్పు."

ఎదుటి వాలు మీద, పొద్దుగుంకే వేళ, నీడలో పడుకున్న జింకను చూడాలని ఆర్డిస్ నేలకేసి చూస్తూ చెప్పింది.

వెల్డా ఆమెను అప్పుడు పంపేసి, చీకటి పడబోయే ముందు రమ్మంది. వచ్చాక మూడు బైనాక్యులర్లు అరుగు మీదికి తెచ్చి, రైలుకట్ట అవతల ధాన్యం గోదాం కింది నీడలో ఏముందో చెప్పమంది. మధ్యాహ్నం ఎండలో చూస్తే సీసా అడుగు కూడా దుర్బిణే, మసక వెలుతురులో చూస్తేనే అద్దం సంగతి తెలుస్తుందని ఆవిడ మాట. మొదటిదాంట్లో నీడ నీడలాగే ఉంది. రెండోది పదింతలు పెద్దగా చూపించింది గాని కాసేపటికి చేతుల్లో వణికింది. మూడోది ఎనిమిదింతలది. పిడి దగ్గర రబ్బరు అరిగిపోయింది. గొర్రెలు కాచే ఆసామి ఒకాయన పోతే భార్య తెచ్చి అమ్మింది. దాంట్లో ఆర్డిస్‌కు గోదాం కింద నీడలో పడుకున్న పిల్లి, దాని తెల్లటి మూతి, ఆ మూతి పక్క మీసాలు కూడా కనబడ్డాయి. ఆమె దాన్ని కళ్ల మీంచి దించలేదు.

మరి స్కోపు సంగతేమిటని తర్వాత అడిగింది. స్కోపంటే ముక్కాలి స్టాండు మీద నిలబెట్టి ఒంటికంటితో చూసే పెద్ద దుర్బిణి. ఊళ్లో మగవాళ్లకు ఇప్పుడు అదే పిచ్చి.

"డబ్బు తక్కువున్నవాళ్లు ముందు మంచి బైనాక్యులర్ కొనాలి, అమ్మాయ్. దాన్ని కదలకుండా నిలబెట్టే స్టాండు తర్వాత. స్కోపు ఆఖరున, అదీ మిగిలితే. చవక స్కోపు పైన పటారం, లోన లొటారం. అట్టపెట్టె మీద పెద్ద అంకె రాయడానికి వాళ్లకు సిరా తప్ప ఏం ఖర్చు?"

కౌంటరు వెనక అరలో ఆ అరిగిన బైనాక్యులర్‌కు ఆర్డిస్ పేరు రాసిన కాగితం కట్టి పెట్టింది వెల్డా. అలా పక్కన పెట్టించుకుని జీతం వచ్చినప్పుడల్లా కొంత కట్టడం ఆ ఊళ్లో మామూలే. ఆర్డిస్ ఆదివారాలు కూడా ఆశ్రమంలో పనికి ఒప్పుకుంది. సీజన్ వచ్చేసరికి తీరిపోతుందని లెక్క.

ఆ ఏడాది ఆ లోయలో వేటాడే అనుమతి వాళ్లిద్దరిలో ఆమె ఒక్కదానికే ఉంది. వసంతంలో దరఖాస్తు పెట్టే గడువును డ్వెయిన్ రేపంటూ ఎల్లుండంటూ దాటేశాడు. ఒక అనుమతికి ఒక జింక. ఫ్రీజర్‌లో నిరుటి మాంసం అడుగంటింది. అందుకే ఆ బైనాక్యులర్ ఆమెకు ముచ్చట వస్తువు కాదు.

డ్వెయిన్ బాధ వేరు. సీజన్ మొదలవగానే గట్టు అంచున ఉన్న రోడ్డు పొడవునా పికప్పులు ఆగుతాయి. వెనక తలుపులు దించి, కాఫీ ఫ్లాస్కులు పెట్టుకుని, పెళ్లి పందిట్లో ఫొటోలు తీసేవాళ్లలా మగవాళ్లు స్కోపులు బారుతీర్చి కూర్చుంటారు. స్కోపు ఉన్నవాడు కూర్చుంటాడు, లేనివాడు వాళ్ల వెనక నిలబడి "నన్నొకసారి చూడనియ్యి" అని అడుక్కోవాలి. డ్వెయిన్‌తో పనిచేసే కర్టిస్ బోలింగ్‌కు ఖరీదైన స్కోపు ఉంది. నిరుడు డ్వెయిన్ అడిగినప్పుడు కర్టిస్ పక్కకు జరిగి, చూసుకో నాయనా, టికెట్ లేదులే అన్నాడు. అందరూ నవ్వారు. డ్వెయిన్ అందరికంటే గట్టిగా నవ్వాడు. ఇంటికొచ్చి రెండు రోజులు సరిగా తినలేదు.

సెప్టెంబరులో ఆర్డిస్ పుట్టినరోజు. డ్వెయిన్ పెరట్లో బొగ్గుల పొయ్యి వెలిగించి కర్టిస్‌నూ అతని భార్య జోలీన్‌నూ పిలిచాడు. కేకు కోశాక న్యూస్‌పేపర్లో చుట్టిన పెట్టె ఒకటి తెచ్చి ఒళ్లో పెట్టాడు. బరువు చూసి, వెల్డా దగ్గరిది విడిపించుకొచ్చాడనుకుంది ఆర్డిస్. కాగితం విప్పితే పెట్టె పొడుగ్గా ఉంది. దాని మీద ఎర్రటి రంగులో అరవై అనే అంకె. పక్కన ఎర్రగడ్డి మీద నిలబడ్డ జింక బొమ్మ.

డ్వెయిన్ ఆ కథ తనే చెప్పాడు. వెల్డా దగ్గరికి వెళ్లి ఆర్డిస్ పంపిందని చెప్పి, కట్టిన డబ్బు వెనక్కి తీసుకుని, పైన కొంత వేసి, హైవే పక్క పెద్ద షాపులో దీన్ని తగ్గింపు ధరకు కొన్నాడు.

"చచ్చినవాడి సామాను అంటగడుతోంది ఆ ముసల్ది. అది ఎనిమిది. ఇది అరవై. ఇక నా ఆర్డీకి జింక నోట్లో పళ్లు కూడా లెక్కపెట్టి చెబుతాను."

జోలీన్ చప్పట్లు కొట్టింది. కర్టిస్ పెట్టెను తిప్పి చూసి, ఇకనుంచి నా దగ్గరికి అడుక్కోవడానికి రావన్నమాట అన్నాడు. డ్వెయిన్ మొహం దీపంలా వెలిగింది. అందరూ ఆర్డిస్ కేసి చూశారు. అంతమంది చూస్తుంటే ఆమె పెట్టె మీది జింక కేసి చూసింది. బాగుంది అని మాత్రం అంది.

మర్నాడు వెల్డా ఆమెను చూసి అగ్గిపుల్ల నోట్లోంచి తీసింది. నువ్వే పంపావన్నాడు, మొగుడు కదా అని ఇచ్చేశానంది. ఆ బైనాక్యులర్ అప్పటికే ఎవరో పొరుగు రాష్ట్రం ఆయన తీసుకుపోయాడు. అతన్ని నువ్వేమీ అనలేదా అని వెల్డా అడిగితే, నలుగురిలో ఇచ్చాడని ఆర్డిస్ జవాబు చెప్పింది.

"నలుగురిలో ఇచ్చినవాడు నలుగురి కోసమే ఇచ్చాడులే," అంది వెల్డా, మేకులు తూకం వేస్తూ.

పెరట్లో స్కోపు నిలబెట్టి ఆర్డిస్ చూసింది. ఎన్నింతలు పెద్దగా చూపాలో తిప్పుకునే అంకె ఇరవై మీద ఉన్నంతసేపు ఫరవాలేదు. అంకె పెంచుతూ పోతే బొమ్మ పెద్దదవుతూ చీకటైపోయింది. అరవై దగ్గర అంతా బూడిద కలిపిన అంబలి. స్టాండు కాళ్లు వెదురుపుల్లల్లా సన్నం, చిన్న గాలికే వణికాయి. ఇరవై దాటి తిప్పకుండా ఉంటే వాడుకోవచ్చని డ్వెయిన్‌కు చెప్పింది. ఇరవైతో చూడ్డానికి అరవైది ఎందుకు కొనడమని అతను అన్నాడు. అలవాటు కావాలి, నీకు కొత్తది కదా అని కూడా అన్నాడు.

సీజన్‌లో మొదటి వారాలు వానకూ మంచుకూ పోయాయి. తగిన జింక పడలేదు. ఆఖరి శనివారం ఆకాశం విప్పారింది. తెల్లారేసరికి ఇద్దరూ గట్టు మీద ఉన్నారు. దూరంగా రోడ్డు మలుపులో కర్టిస్ పికప్పు కూడా ఆగి ఉంది. పొద్దున్నంతా ఆడజింకలే తిరిగాయి. ఎండ ఎక్కాక, ఎదుటి వాలు మీద ఒంటరి జూనిపర్ చెట్టు కింద, అడ్డంగా ఒక గీత ఆర్డిస్‌కే ముందు కనబడింది. వేలితో చూపించింది. డ్వెయిన్ స్కోపు అటు తిప్పి అంకె చివరిదాకా పెంచాడు.

మగజింక. నీడలో పడుకుని ఉంది. పెద్దది. ఒళ్లు బలిసి, మెడ లావుగా ఉంది.

"నాలుగు. చక్కగా నాలుగు," అన్నాడు డ్వెయిన్.

ఆర్డిస్ స్కోపు దగ్గర వంగింది. ఎండకు నేలలోంచి సెగ లేస్తోంది. ఆ సెగలో జింకా, చెట్టూ, రాళ్లూ అన్నీ మరిగే నీళ్ల అడుగున ఉన్నట్టు ఊగుతున్నాయి. అంకె తగ్గించబోతే డ్వెయిన్ ఆమె చెయ్యి పక్కకు తీశాడు. తను సరిగ్గా అమర్చి పెట్టాడట, కదపొద్దట. ఆమె తండ్రి బైనాక్యులర్ తీసి ఒక కన్ను మూసుకుని చూసింది. మూడు మొనలు తెలిశాయి. నాలుగోది ఉన్నట్టూ ఉంది, లేనట్టూ ఉంది.

అది లేచి తల తిప్పేదాకా ఆగుదామంది.

డ్వెయిన్ రోడ్డు మలుపు కేసి చూశాడు. కర్టిస్ పికప్పు పక్కన ఎవరో వంగి సామాను సర్దుకుంటున్నారు. వాళ్లు కూడా చూసినట్టున్నారు, అటునుంచి దిగుతారు, ఇది మన కళ్ల ముందే వాళ్లకు పోతుంది అన్నాడు. ఇదే ఆఖరి శనివారం అన్నాడు. తర్వాత స్కోపు మీంచి తలెత్తకుండానే మెల్లగా ఇంకో మాట అన్నాడు.

"మీ నాన్న చెబితే వెళ్లేదానివి. నేను చెబితే అనుమానం."

ఆర్డిస్ తుపాకీ తీసుకుని వాగు పల్లంలోకి దిగింది.

సేజ్ పొదల మధ్య మోచేతుల మీద పాకుతూ చాలాసేపు పోయింది. తూటా దూరానికి వచ్చినా పొదల్లోంచి కొమ్ములు తెలియలేదు. ఒక రాతి మీద తుపాకీ ఆనించి, వెనక్కి తిరిగి బైనాక్యులర్‌తో గట్టుకేసి చూసింది. ఆకాశం మీద డ్వెయిన్ నల్లగా నిలబడి ఉన్నాడు. చెయ్యెత్తాడు. నాలుగు వేళ్లు. ఆమె కదలకపోయేసరికి ఆ చేతిని ఇంకా పైకెత్తి ఊపాడు. నాలుగే.

అప్పుడే ఏ వాసన తగిలిందో జింక లేచింది. లేచి నిలబడింది, తల ఇటు తిప్పలేదు. ఇంకో గెంతు గెంతితే చెట్టు అవతలికి పోతుంది. ఆర్డిస్ వేళ్లను నమ్మి పేల్చింది. గురి తప్పలేదు.

దగ్గరికి నడిచి వెళ్లేటప్పుడే ఆమెకు తెలిసింది. జింక పడిపోయింది, నాలుగో మొన మాత్రం ఇంకా గాల్లోనే ఉంది. జూనిపర్ చెట్టుకు పక్కగా పొడుచుకొచ్చిన ఎండుకొమ్మ అది. ఎండకు వెలిసి, కొమ్ము రంగులోనే ఉంది. కింద పడి ఉన్న తలకు ఇటు మూడు, అటు మూడు. ఆమె మోకాళ్ల మీద కూర్చుని రెండు పక్కలా చేత్తో తడిమింది. ఎన్నిసార్లు తడిమినా మూడే.

డ్వెయిన్ రొప్పుతూ వచ్చి చూసి టోపీ తీశాడు. మళ్లీ పెట్టుకున్నాడు. రోడ్డుకేసి చూశాడు. ఎవరూ రావడం లేదు. కర్టిస్ పికప్పు కూడా అక్కడ లేదు, ఎప్పుడో వెళ్లిపోయింది. వాగులోకి లాగేసి పోదామన్నాడు. నక్కలు రెండు రోజుల్లో ఏమీ మిగల్చవు, ఎవరికి తెలుస్తుంది అన్నాడు.

"నాకు తెలుస్తుంది," అంది ఆర్డిస్.

జింకను అక్కడే శుభ్రం చేసి, అనుమతి చీటీ కొమ్ముకు కట్టింది. ఫోను పలికే చోటికి గట్టెక్కి వేట అధికారికి తనే కబురు చేసింది. రడ్ అనే అధికారి మధ్యాహ్నం దాటాక వచ్చాడు. కుర్రవాడు. కొమ్ములు చూశాడు, చెట్టు చూశాడు. మీ అంతట మీరే పిలిచారు కాబట్టి కేసు చిన్నదే, జరిమానా కూడా తక్కువే ఉంటుంది, కానీ మాంసం వదిలి వెళ్లలేనమ్మా అన్నాడు. అవసరంలో ఉన్న ఇళ్లకు పంపిస్తారట. అవసరంలో ఉన్నామని చెప్పడానికి ఆర్డిస్‌కు సిగ్గేసింది.

"గట్టు మీద చూసి చెప్పింది ఎవరు?" అని రడ్ అడిగాడు. కాగితం మీద రాసుకోవడానికి కాదు, ఊరికే అడిగినట్టు అడిగాడు.

డ్వెయిన్ పికప్పు వెనక చక్రం దగ్గర వంగి, బిగుతుగానే ఉన్న తాడును బిగిస్తున్నాడు. తలెత్తలేదు. ఆర్డిస్ అతని వీపుకేసి చూసింది. 

"పేల్చింది నేను," అంది.

రడ్ జింకను తన బండిలోకి ఎక్కించుకుని వెళ్లాడు. ఇంటికొచ్చే దారంతా డ్వెయిన్ మాట్లాడలేదు. పెళ్లయ్యాక అతను అంతసేపు నోరు మూసుకుని ఉండటం ఆమె ఎప్పుడూ ఎరగదు. ఒక మాట వస్తుందనుకుంది. ఆ మాటకు ఏం జవాబు చెప్పాలో కూడా సిద్ధం చేసుకుంది. పెద్ద మాట కాదు, పోనీలే అంటే సరిపోతుంది. ఊరి పొలిమేర దాటాక డ్వెయిన్, వెనక టైర్లో గాలి తగ్గింది చూశావా అన్నాడు.

తర్వాతి వారం ఆశ్రమం వాళ్లు చెప్పి ఉంచిన పళ్ల రొట్టెలు తేవడానికి ఆర్డిస్ రైలుకట్ట పక్కనున్న కాఫీ హోటల్‌కు వెళ్లింది. రోడ్డు పని వాళ్లందరూ బల్ల చుట్టూ ఉన్నారు. డ్వెయిన్ వీపు ఇటుంది. కథ మధ్యలో ఉన్నాడు. మూడే ఉన్నాయే ఆర్డీ, ఆగవే అని తను గట్టు మీంచి చేతులు ఊపుతుంటే, ఆవిడ తుపాకీ పట్టుకున్నాక దేవుడు పిలిచినా వినదని చెబుతున్నాడు. బల్ల చుట్టూ నవ్వులు. అందులో కోపం లేదు. ఆమె మీద ముచ్చటపడుతున్నట్టే చెబుతున్నాడు.

కర్టిస్ ముందు ఆమెను చూశాడు.

"ఏం ఆర్డిస్, మూడు తర్వాత నాలుగని మీ బళ్లో చెప్పలేదా? అక్కడిదాకా రాకముందే మానేశావా?"

డ్వెయిన్ వెనక్కి తిరిగి చూశాడు. ఒక్క క్షణం అతని మొహంలో భయం కనబడింది. ఆర్డిస్ రొట్టెల పెట్టెను రెండు చేతులా పట్టుకుని ఉంది.  అంతమందిలో ఆమె గొంతు విప్పడం ఆ ఊరు ఎప్పుడూ చూడలేదు.

"నాలుగని నువ్వే చూపించావు, డ్వెయిన్," అంది. మెల్లగానే అంది గాని అందరికీ వినబడింది.

బల్ల దగ్గర చప్పుడు ఆగింది. స్పూనులు కూడా ఆగాయి. డ్వెయిన్ అందరి మొహాలూ చూసి, రెండు చేతులూ పైకెత్తి, నవ్వాడు.

"చూశారా? ఇంట్లో కూడా ఇదే గొడవ."

నవ్వులు మళ్లీ మొదలయ్యాయి. ఈసారి ఇంకా గట్టిగా. హోటలు మనిషి కూడా నవ్వుతూనే ఆమెకు చిల్లర ఇచ్చింది.

ఆ సాయంత్రం డ్వెయిన్ చిక్కుడుగింజలు వడ్డించుకుంటూ తనే ఆ మాట ఎత్తాడు. నలుగురూ నవ్వుకోవడానికి చెప్పిన మాటని పట్టుకుని అలా అందరి ముందూ అనాల్సింది కాదన్నాడు. తను పొద్దున లేస్తే వాళ్ల మధ్యే పనిచేయాలి. స్కోపు కొని చూడ్డం చేతకానివాడని పేరొస్తే రిటైరయ్యేదాకా వదలరు.

"నీకేం పోయింది చెప్పు? నువ్వు ఎలాగూ ఎవరితోనూ మాట్లాడవు."

 నిజంగా అడుగుతున్నాడేమోనని ఆర్డిస్ అతని మొహం చూసింది. నిజంగానే అడుగుతున్నాడు. ఆమెకు ఏం పోయిందో అతనికి తెలియదు.

డ్వెయిన్ మాటే ఊరు నమ్మింది. ఆశ్రమంలో వర్జిల్ అని, ఆర్వల్‌తో కలిసి వేటాడిన ముసలాయన ఉన్నాడు. ఆమె దుప్పటి మార్చడానికి వెళితే, తల తిప్పేదాకా ఆగాల్సింది కదమ్మా, మీ నాన్న అయితే ఆగేవాడు అన్నాడు. ఊళ్లో అన్న మాటలన్నిటిలోకీ ఆమెను కోసింది అదే. మిగతావాళ్లవి అబద్ధాలు. ఇది నిజం. గట్టు మీద ఆమెకు ఆ సంగతి తెలుసు, నోటితో అంది కూడా. తెలిసీ, ఒక మనిషి చిన్నబుచ్చుకుంటాడని దిగి వెళ్లింది. ఆ చిన్నబుచ్చుకున్న మనిషి ఇప్పుడు హాయిగా ఉన్నాడు.

వసంతం వచ్చింది. వేట అనుమతుల లాటరీకి భార్యాభర్తలు ఒకే జట్టుగా దరఖాస్తు పెట్టుకుంటే వచ్చినా ఇద్దరికీ వస్తుంది, పోయినా ఇద్దరికీ పోతుంది. ఈసారి డ్వెయిన్ గడువు మర్చిపోలేదు. వంటగదిలో కూర్చుని ఇద్దరి పేర్లూ కలిపి పెడుతున్నానన్నాడు. విడివిడిగా పెట్టమంది ఆర్డిస్. ఎందుకన్నాడు. నీతో కలిసి వేటకు రానంది. అతను నవ్వాడు, తర్వాత నవ్వు ఆపాడు.

"మరి నీకు ఎవరు చూసి చెబుతారు?"

"ఎవరూ చెప్పక్కర్లేదు."

అలక, నాలుగు రోజుల్లో పోతుందని అతను అనుకున్నాడు. పోలేదు. అక్టోబరులో డ్వెయిన్ గట్టు మీద పికప్పుల వరసలో స్కోపు నిలబెట్టుకుని కూర్చున్నాడు. ఆర్డిస్ లోయ అవతలి పక్క నుంచి ఒంటరిగా నడిచింది. ఆఖరి రోజుల్లో ఒక సాయంత్రం, వాగు మలుపులో, ఒక మగజింక ఆమెకు బాగా దగ్గరగా నిలబడింది. బరువైన కొమ్ములు. నాలుగే అయ్యుండొచ్చు. వెనకాల అంతా పొదలే. ఆమె తుపాకీ ఆనించి ఆగింది. అది తల తిప్పలేదు. మేస్తూ మేస్తూ, అటు తిరిగే, గట్టు దాటి వెళ్లిపోయింది. ఆమె చేతులు చల్లబడేదాకా అక్కడే కూర్చుని లేచింది.

ఆ చలికాలం వాళ్లు కొట్లో కొన్న కోడిమాంసం తిన్నారు. కళ్ల ముందు నిలబడ్డ జింకను వదిలేసి వచ్చిందని డ్వెయిన్ హోటల్లో ఆ కథ కూడా చెప్పాడు. ఈసారి అందులో అబద్ధం ఏమీ లేదు.